రాసేది పిల్లోల్లు, కొట్టేసేది ఎవరు?

ముద్దనూరులో ఈ మధ్య ఒక ఇంట్లో సాగిన వాదన ఇది. ఒకరు ఆ చుట్టుపక్కల హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారు. ఇంకొకరు ఆయన అక్క కూతురు, జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరు. పదమూడేళ్ళ నుంచి పందొమ్మిదేళ్ళ లోపు పిల్లలే రాసి, పిల్లలే దిద్ది, నెలనెలా నెట్‌లో పెట్టే పత్రిక ఒకటి ముద్దనూరు నుంచి మొదలుపెట్టాలని ఆమె పట్టుదల. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లలనూ కలుపుకోవాలట. వద్దంటే వద్దని ఆయన పట్టు. ఇద్దరూ నాకు కావాల్సినవాళ్ళే. తమ పేర్లు వేయొద్దన్నారు, ఎందుకో చదివేకొద్దీ తెలుస్తుంది. ఆ పూట నేను ఎక్కువగా విన్నాను. నాకు చెప్పాలనిపించింది మధ్యమధ్య ఇక్కడ చెబుతాను.

మామ: ముందు ఒకటి చెప్పమ్మీ. రాసేదెవరు? మన పిల్లోల్లకు పరీక్షలో పది వాక్యాలు రాసేదానికే గైడు కావాల. ఆ పేపర్లు దిద్దినోణ్ణి, నాకు తెలీదా?

మేనకోడలు: గైడు కావాల్సింది గైడులో ఉండే ప్రశ్నకు మామా. వాళ్ళ జేజి పొయ్యికాడ కూర్చోని ఎవర్ని తిట్టుకుంటాదో రాయమను, కలం ఆగదు. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో ‘బాల’ పత్రిక పెట్టినప్పుడు ముళ్ళపూడి వెంకటరమణకు పద్నాలుగేండ్లు. ఆయన మొదటి కథ ఆ యేడే, ఆ పత్రికలోనే అచ్చయింది. అంతటితో ఆగినాడా? స్నేహితులతో కలిసి ‘ఉదయభాను’ అని సొంత పత్రికే పెట్టినాడు, సైక్లోస్టైల్ మిషన్ మీద. ఆ పొద్దు ఎవరో ఒకరు ‘నీకేం వచ్చురా రాసేదానికి’ అని ఆపింటే మనకు బుడుగు ఉండేవాడా?

మామ: రమణను చూపించి మన ముద్దనూరు పిల్లోల్లను కొలవొద్దు. సరే, వాదనకు ఒప్పుకుంటా. ‘బాల’ మీద రాఘవరావు, అదే మన రేడియో అన్నయ్య, కూర్చోని ఉండె. వచ్చిందంతా అచ్చేయలే. ఇంగ ఆ సైక్లోస్టైల్ కాగితాలంటావా, చదివినోల్లు చదివినారు, మిగిలినవి చెదలు తినె. పద్నాలుగేండ్ల పిల్లోడు అందులో ఏదన్నా తెలిసీ తెలియక రాసింటే ఈ పొద్దు ఎవరికీ తెలీదు. నీ పత్రిక అట్ల కాదు. ఇప్పుడు నీ తొమ్మిదో తరగతి పిల్ల ఎవరి మీదనో కోపంతో రాసిన నాలుగు ముక్కలు, ఆ పిల్ల ఉద్యోగానికి పోయినప్పుడు, సంబంధం చూసేటప్పుడు, పేరు కొడితే చాలు ముందర నిలబడ్తాయి. మనకు కూతవేటులో కలమల్ల ఉండాది. క్రీస్తుశకం 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం, ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదంటారు. రాతి మీద ఉలి పెట్టేముందు వాళ్ళు ఎన్నిసార్లు ఆలోచించింటారో! నెట్ కూడా రాయేనమ్మీ. పిల్లోల్లు దాన్ని పలక అనుకుంటాండారు.

మేనకోడలు: ఆ మాట నిజం. అయితే పిల్లోల్లు ఉలి ఎప్పుడో పట్టినారు మామా. ఇన్‌స్టాలో పెడ్తాండారు, వాట్సప్ స్టేటస్‌లో పెడ్తాండారు. రాత్రి పదకొండుకు కోపమొస్తే పదకొండుంపావుకు లోకమంతా చూస్తాది. మధ్యలో అడిగేటోడు లేడు. పత్రిక అంటే ఒక మనిషి మధ్యలో నిలబడ్తాడు. ‘ఇది నువ్వు చూసినావా, ఎవరన్నా చెప్పినారా? ఈ వాక్యం ఎవర్ని తగుల్తాది? రేప్పొద్దున ఇంగోసారి చదివి చూద్దామా?’ అని అడుగుతాడు. రాయొద్దంటే వాళ్ళు మాననే మానరు. అడిగేటోడు లేకుండా రాసేదా, అడిగేటోని ముందర రాసేదా అన్నదొక్కటే మన చేతుల్లో ఉండాది.

ఆమె ఈ మాట అన్నాక ఆయన కాసేపు ఏమీ అనలేదు. నా దృష్టిలో వాదన మొత్తానికి ఇరుసు ఇక్కడే ఉంది. ఫోనులో రాయడానికీ బయటపెట్టడానికీ మధ్య జాగా లేదు. పత్రికకు ఆ జాగా ఉంది. సంపాదకత్వం అనే పని పుట్టిందే అందులో. ఫ్రాన్సులో సెలెస్తిన్ ఫ్రెనే అనే పల్లెటూరి పంతులు 1920లలో తన బడికి చిన్న అచ్చుయంత్రం కొన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై ఎక్కువసేపు మాట్లాడలేకపోయేవాడు. పిల్లలు తమ ఊరి సంగతులు తామే రాసి, చదివి వినిపించి, అందరూ కలిసి దిద్ది, ఒక్కో అక్షరం ఏరి పేర్చి అచ్చేసేవాళ్ళు. దూరపు బడులకు పంపి అక్కడివి తెప్పించుకునేవాళ్ళు. అక్షరం అక్షరం చేత్తో పేర్చాల్సి వస్తే పనికిరాని మాట దానంతటదే రాలిపోతుంది. ఫోను మీద వేళ్ళకు ఆ బరువు లేదు కాబట్టి, దాన్ని ఇంకెక్కడి నుంచైనా తేవాలి.

మామ: సరే, మధ్యలో మనిషి ఉంటాడంటివి. ఆ మనిషి ఎవరు? నువ్వు దిద్దితే అది నీ పత్రిక, పిల్లోల్లది కాదు. ఎవరూ దిద్దకపోతే రచ్చబండ.

మేనకోడలు: పిల్లోల్లే దిద్దుతారు. ముద్దనూరు నుంచి ఒకరు, జమ్మలమడుగు నుంచి ఒకరు, ప్రొద్దుటూరు, పులివెందుల నుంచి ఒక్కొక్కరు. నెలనెలా మారతారు.

మామ: మన పక్క ఆ నలుగురు ఎవరి పిల్లోల్లని ముందు అడుగుతారు. ఏ పార్టీ, ఏ కులం, ఏ ఇల్లు. నువ్వు అడక్కపోయినా ఊరు అడుగుతాది.

మేనకోడలు: అడగనీ. సినిమాలోల్లు ఇన్నేండ్లు మన పక్కను సుమోలు, కత్తులు, తొడగొట్టేదే అని చూపించిరి. అది కాదని చెప్పాల్సింది ఎవరు? ఒక పత్రికకాడ నాలుగిండ్ల పిల్లోల్లు కూర్చోని ఒక వాక్యం గురించి కొట్లాడుకుంటే, అంతకన్నా మంచి కొట్లాట మన పక్క జరిగిందా?

మామ: (నవ్వకుండానే) అది వినేదానికి బాగుండాది. ఇంగ నీ కొలువు సంగతి చెప్పు. సర్కారు టీచరువు. 1964 ప్రవర్తనా నియమాలు మర్చిపోయినావా? పిల్లోడు బడి మరుగుదొడ్ల గురించి రాస్తాడు. నిజమే రాస్తాడు. మెమో వచ్చేది వానికి కాదు, నీకు.

మేనకోడలు: అందుకే అది బడి పత్రిక కాదు. బడి పేరు ఉండదు, నా పేరూ ఉండదు. ఆదివారం పూట లైబ్రరీలోనో, నీ పంచలోనో కూర్చుంటాం.

మామ: నా పంచ ఎందుకొచ్చె మధ్యలో?

మేనకోడలు: నువ్వు రిటైరైనావు గనక. నీకు మెమో రాదు.

ఇంట్లోవాళ్ళు నవ్వారు, ఆయన నవ్వలేదు. ఆయన మనసులో ఉన్నది వేరే భయం. అది బయటికి రావడానికి ఇంకొంచెంసేపు పట్టింది.

మామ: పేర్ల సంగతి తేల్చు. పిల్లోల్ల పేర్లు వేస్తావా?

మేనకోడలు: మొదటి పేరో, వాళ్ళు పెట్టుకున్న పేరో. ఇంటిపేరు లేదు, ఫొటో లేదు, బడి పేరు లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనోల్లంతా పిల్లలే. వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే అమ్మానాయనల ఒప్పుదల కావాల. ఇంటింటికి పోయి మాట్లాడతా.

మామ: మారుపేరు ముద్దనూరులో ఎన్ని గంటలు నిలుస్తాది? ‘వెన్నెల’ అని పెట్టుకుంటాది. రెండో పేరాలో వాళ్ళ నాయన ఆటో రంగు రాస్తాది. స్టేషన్ రోడ్డులో అందరికీ తెలిసిపోయె. పెద్ద పట్నాల్లో మారుపేరు దుప్పటి. మన ఊర్లో అది జల్లెడ.

మేనకోడలు: అమెరికాలో ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. హేజల్‌వుడ్ అని, మిస్సోరీ రాష్ట్రంలో ఒక హైస్కూలు. 1983లో అక్కడి పిల్లోల్లు నడిపే పత్రికలో గర్భం వచ్చిన బడిపిల్లల గురించి ఒక వ్యాసం, విడాకులు తీసుకున్న తల్లిదండ్రుల పిల్లల గురించి ఒక వ్యాసం రాసినారు. పేర్లు మార్చినా ఆ ఆడపిల్లలు ఎవరో పోల్చుకుంటారని ప్రిన్సిపాల్ రెండు పేజీలు ఎత్తేసె. పిల్లోల్లు కోర్టుకు పోయిరి. 1988లో ఐదుగురు జడ్జీలు బడి పక్క, ముగ్గురు పిల్లోల్ల పక్క.

మామ: చూస్తివా, ప్రిన్సిపాల్‌దే గెలుపు. నేను చెప్పేది అదే.

మేనకోడలు: గెలుపు చూస్తాండావు, జరిగింది చూడు. ఆ రెండు పేజీల్లో ఏ గొడవా లేని వ్యాసాలు గూడా పోయినాయి. రాసినోల్లకు ముందు ఒక్క మాట చెప్పలే. పత్రిక చేతికొచ్చినాక గాని తెలీలే, తమ పేజీలు లేవని. ఆ ఆడపిల్లల గురించి ప్రిన్సిపాల్‌కు కలిగిన భయం న్యాయమైందే, నేనూ ఒప్పుకుంటా. కానీ పిల్లోల్లను కూర్చోబెట్టి ‘ఈ నాలుగు గుర్తులు తీసేస్తే ఆమె ఎవరో తెలీదు, మార్చి రాయండి’ అని చెప్పింటే అంత దూరం పోయేదా? నా పత్రికలో పెద్దోల్లు ఏదన్నా ఆపొచ్చు. ఆపితే కారణం రాసివ్వాల. రాసిన పిల్ల మళ్ళీ రాసుకోవచ్చు, మళ్ళీ వాదించొచ్చు. చెప్పకుండా కొట్టేసేది ఉండదు.

మామ: మార్చి రాస్తే తీరేదైతే తీరుతాది. తీరనిది వస్తేనో? ఒక ఆడపిల్ల తన ఇంట్లో తనకు జరుగుతాండేది రాసి నీ చేతికిస్తాది. దిద్దుతావా దాన్ని? ఒత్తులు సరిచేస్తావా?

ఆయన గొంతు మారింది. తన ఉద్యోగకాలంలో వ్యాసాల కట్టలో అలాంటి కాగితం చూసిన మనిషి గొంతు అది. ఏం చూశారని నేను అడగలేదు.

మేనకోడలు: దిద్దను మామా. అది అచ్చుకు రాసింది కాదు, నాకు చెప్పింది. చెప్పేదానికి ఆ పిల్లకు వేరే దారి దొరక్క వ్యాసం అని పేరు పెట్టింది. అది నెట్‌లోకి పోదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ పోతాది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినోల్లు చెప్పి తీరాల, దాచితే తప్పు. అదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ పిల్ల ఎవరో తెలిసేట్టు ఏ పత్రికా రాయగూడదు. ఆ పొద్దు నేను సంపాదకురాల్ని కాదు, టీచర్ని.

మామ: ఆ తేడా నీకు తెలుసు. సంపాదకులమని కూర్చున్న పదహారేండ్ల పిల్లోల్లకు తెలుస్తాదా? మొదట ఆ కాగితం చదివేది వాళ్ళు గదా.

మేనకోడలు: ... లేదు. అది నేను ఆలోచించలే. వచ్చింది ముందు పెద్దోల్లలో ఒకరు చదవాల. ఆడ మనిషి. అది ఒప్పుకుంటా.

మామ: అంటే మళ్ళీ పెద్దోల్ల చేతికే పోయె.

మేనకోడలు: తలుపుకాడ ఒక పెద్దామె ఉంటాది. లోపల గది పిల్లోల్లదే.

ఈ ఏర్పాటు నాకూ నచ్చింది. పిల్లలకు తమ భావాలు చెప్పుకునే హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పదమూడో అధికరణం చెబుతుంది. మన దేశం 1992లో అందులో చేరింది. ఆ కాగితం పిల్లకు నోరిచ్చింది. ఆ నోట వచ్చిన మాటకు ఊళ్ళో ఎవరైనా కన్నెర్ర చేస్తే అడ్డం నిలబడాల్సింది మాత్రం మనిషే. పిల్లలతో పత్రిక పెట్టించి సభ చేసి శాలువాలు కప్పించుకునే పెద్దలు చాలామందే ఉంటారు. తలుపుకాడ కూర్చునేవాళ్ళు తక్కువ.

మామ: సీమలో ఇదివరకు ఎవరూ చేయలేదా ఇట్లాంటిది?

మేనకోడలు: చేసినారు. చెన్నేకొత్తపల్లిలో. టింబక్టు కలెక్టివ్ వాళ్ళ బడి ఉండాది గదా, ఆ పిల్లోల్లు రాసిన కథలతో, బొమ్మలతో ‘కొత్తపల్లి’ అని 2008లో మొదలైంది. నెట్‌లోనూ వచ్చె, పుస్తకంగానూ వచ్చె. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు, కాపీ చేసి పంచుకోవచ్చు. కరువు జిల్లాలో పల్లెటూరి పిల్లోల్లు రాసింది అమెరికాలో ఉండే తెలుగు పిల్లోల్లు చదివినారు.

మామ: చూసినా ఆ పుస్తకం. బాగుంటాది. కానీ అది చిన్నపిల్లోల్లది, నడిపేది పెద్దోల్లు. నక్క కథ రాసిన పిల్లకు ఊర్లో శత్రువులు పుట్టరు. పదహారేండ్లోల్లు నక్క కథ రాయరమ్మీ. వాళ్ళ ఇంటి అప్పు రాస్తారు, వాళ్ళ నాయన తాగుడు రాస్తారు, హాస్టల్లో అన్నం రాస్తారు.

మేనకోడలు: రాయాల్సింది అదే గదా! ఢిల్లీలో వీధుల్లో బతికే పిల్లోల్లు ‘బాలక్‌నామా’ అని పత్రిక నడుపుతారు, 2003లో మొదలైంది. రాయడం రాని పిల్లోల్లు నోటితో వార్త చెప్తారు. వాళ్ళను ‘బాతూనీ’ విలేకరులంటారు. రాయొచ్చిన పిల్లోడు రాసుకుంటాడు. నక్క కథ కాదు, పోలీసోడు కొట్టింది, చెత్త ఏరుకునేచోట గొడవ, ఇవీ వార్తలు. నెట్‌లో కట్టుదిట్టంగా పత్రిక నడపొచ్చా అంటావా, ‘ఈమాట’ను చూడు. 1998లో అమెరికాలో ఉండే తెలుగోల్లు పెట్టినారు. రచన వస్తే పరిశీలకులు చదువుతారు, మార్పులు అడుగుతారు, బాగలేకపోతే తిప్పి పంపుతారు. నెట్‌లో ఉందని చేతికొచ్చింది పెట్టలే.

మామ: మంచిది. భాష సంగతి? ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం. ‘శ’ ఏదో ‘ష’ ఏదో తెలీదు. ఫోనులో నోటితో చెప్పి టైపు చేయిస్తారు. ఆ ఫోనుకు మన మాట అర్థం కాదు. నువ్వు ‘ఉండాది’ అంటే అది ‘ఉన్నది’ అని రాసి పెడ్తాది. అది కాకుంటే ఏఐని అడుగుతారు, పది సెకన్లలో వ్యాసం. పిల్ల రాసిందా, మిషన్ రాసిందా, ఎట్ల కనుక్కుంటావు?

మేనకోడలు: మొదటి ప్రతి చేత్తో రాయాల, నా ముందర కూర్చోని. తర్వాత గట్టిగా చదవాల. పక్కనోల్లు ప్రశ్నలేస్తారు. ‘మీ జేజి పెట్టిన సంగటి ముద్ద ఎంత?’ ‘ఆ పొద్దు వాన వచ్చిందా?’ మిషన్ రాసిన దానికి జేజి ఉండదు మామా, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఇంగ యాస అంటావా, మన యాసలో కథలు రాసిన కేతు విశ్వనాథరెడ్డిగారికి 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చె. అకాడమీ యువ పురస్కారం పెట్టిన మొదటేడు, 2011లో, తెలుగులో అది పోయింది వేంపల్లె గంగాధర్‌కు. వేంపల్లె యాడుండాది? పులివెందుల పక్కన. మన పిల్లోల్లు ‘ఉండాది’ అనే రాస్తారు. కొట్టేసేటోనికి పని లేదు ఆడ.

మామ: యాస ఉంచు. ఒత్తులు మాత్రం దిద్దాల.

మేనకోడలు: అది నీ పని.

ఇక్కడ ఆమె లేచి లోపలికి వెళ్ళి నోటుపుస్తకాల్లోంచి చింపిన కొన్ని కాగితాలు తెచ్చింది. వాటి వెనక కథ గండికోట జలాశయానిది. దాని నిండు సామర్థ్యం దాదాపు 27 టీఎంసీలు. 2020లో అందులో నీటి మట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయింది. ఇంకొంచెం సమయమివ్వండని ఊరివాళ్ళు అడుగుతుండగానే నీళ్ళు వీధుల్లోకి వచ్చాయి. అప్పటికి మూడో తరగతో నాలుగో తరగతో చదువుతున్న పిల్లలు ఇప్పుడు హైస్కూళ్ళలో ఉన్నారు. కాగితాలు వాళ్ళవి.

మేనకోడలు: ఒక పిల్లోడు రాసినాడు, వాళ్ళ నాయన ద్వారబంధాలు ఊడబెరికి ట్రాక్టర్‌లో ఏసుకున్నాడంట. గోడలు పోయినా వాకిలి మిగలాలని. కొత్త ఇంట్లో ఆ వాకిలి పట్టలేదు. అది ఇంకా గోడకు ఆనించే ఉండాదంట. ఇంగో పిల్ల రాసింది, వాళ్ళ బడి నీళ్ళలో ఉండాదని తెలిసీ తనకు కలలో ఆ బడే వస్తాదని. పేపరోల్లు ఎకరాలు రాసినారు, పరిహారం లక్షలు రాసినారు, టీఎంసీలు రాసినారు. రాయాల్సిందే. కానీ ఆ వాకిలి ఎవరు రాస్తారు? ఇంగ పదేండ్లకు వీళ్ళు పెద్దోళ్ళయిపోతారు. ఎనిమిదేండ్ల కండ్లతో ఊరు మునిగేది చూసి, పద్నాలుగేండ్ల చేతితో రాయగలిగినోల్లు ఈ పొద్దే ఉండారు. రేపు ఉండరు. నేను తొందరపడ్తాండాననుకుంటావేమో. అవును, తొందరే.

మామ: (కాగితాలు చాలాసేపు చదివి) ఈ ద్వారబంధం రాసినోడు... ‘బంధం’లో ధ కింద వత్తు లేదు. రాసింది మాత్రం నిజం. అయినా ఒకటి అడుగుతా. ఆ పిల్లోని దుఃఖం నెట్‌లో పెట్టి ఎంతమందికి నచ్చిందో లెక్క పెడ్తారా? అది చూసుకోని రెండోసారి వాడు ఇంగొంచెం ఏడుపు కలిపి రాస్తాడు. రాసేవాణ్ణి చెడగొట్టేది అదే. పొగడ్త.

మేనకోడలు: లైకులు ఉండవు. ఎంతమంది చూసినారో అంకె కనబడదు. చదివినోల్లు ఏమన్నా చెప్పాలంటే ఉత్తరం రాయాల, అదీ పెద్దామె చదివినాకే పిల్లోల్లకు చేరుతాది.

ఈ ఒక్క నిర్ణయం మీద ఇద్దరూ వెంటనే కలిశారు. ఖర్చు గురించి కూడా పెద్దగా మాట్లాడుకోలేదు. నెట్‌లో పేరు కొనడానికీ జాగాకీ ఏడాదికి కొద్దివేల రూపాయల్లో తేలిపోతుంది. అసలు చిక్కు వేరేచోట ఎదురైంది.

మామ: నీ సంపాదకులు పది పాసయినాక యాడుంటారు?

మేనకోడలు: చెదిరిపోతారు. కడప, తిరుపతి, విజయవాడ హాస్టళ్ళు. మార్కులొచ్చినోల్లు కొందరు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి. అందుకే నెట్ అంటాండా మామా. కాగితం పత్రిక ముద్దనూరులో ఉండిపోతాది, నెట్ పత్రిక వాళ్ళెంట పోతాది.

మామ: ఇంటర్ హాస్టల్లో ఫోన్ ఇస్తారా?

మేనకోడలు: ... ఇయ్యరు.

మామ: మరి ఎట్ల పోతాది వాళ్ళెంట? పొద్దున ఐదుకు లేపి రాత్రి పదకొండు దాకా చదివించేచోట, ఆదివారం అమ్మానాయన చూసేదానికి పోతే గేటుకాడ కారియరు ఇచ్చి వచ్చేచోట, నీ నెట్ యాడ తెరుస్తారు? ఆ కారియరు సంచిలో పట్టేది కాగితమే. కాగితం ముద్దనూరులో ఉండిపోతాదంటివే, ఇట్ల దాటుతాది.

వాదనలో ఆమెకు నిజంగా ఎదురుదెబ్బ తగిలింది ఇక్కడే. పదహారు పదిహేడేళ్ళవాళ్ళ పత్రిక అంటున్నాం. ఆ వయసు పిల్లల్లో ఎంతోమంది రెండేళ్ళపాటు నెట్‌కూ, ఊరికీ, తెలుగుకూ ఒకేసారి దూరంగా ఉంటారు. రాయాలనిపించే వయసూ అదే. ఏ వేదిక పెట్టినా ఈ రెండేళ్ళ గోడను దాటే దారి చూడకపోతే అది తొమ్మిదో తరగతి దగ్గరే ఆగిపోతుంది.

మేనకోడలు: అట్లయితే రెండూ. నెట్‌లో పెట్టిందే నాలుగు పేజీలు జిరాక్స్ తీసి కారియరు సంచుల్లో పంపుతాం. వాళ్ళు వెనకపక్క ఖాళీలో రాసి తిరిగి పంపుతారు. ప్రొద్దుటూరు డీటీపీ షాపులో పేజీలు పెట్టిస్తాం.

మామ: డీటీపీవాళ్ళు అను ఫాంట్లలో కొడ్తారు. అది నెట్‌లో పెడితే గజిబిజి అయితాది. యూనికోడ్‌లో కొట్టమని చెప్పు. నాకు తెలీదనుకుంటివా?

మేనకోడలు: అయితే ఒప్పుకున్నట్టేనా?

మామ: ఒప్పుకోలే. మన పులివెందుల పక్క పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో ‘సంవేదన’ పెట్టినాడు. రా.రా. అంటే తెలుగు దేశమంతా భయపడిన విమర్శకుడు. అంతటోడు పెట్టిన పత్రికే ఎక్కువ కాలం నడవలే. నీ పిల్లోల్ల పత్రిక నాలుగు నెలలు నడిచి ఆగిపోతే, మొదలుపెట్టి వదిలేసేది నేర్పించినట్టు అయితాది.

మేనకోడలు: ‘సంవేదన’ ఆగి యాభై ఏండ్లు దాటె. నువ్వు ఇంకా దాని పేరు చెప్తాండావు. ఆగిపోయేది తప్పు కాదు మామా. చెప్పకుండా ఆగిపోయేది తప్పు. ఆఖరి సంచికలో ‘ఇది ఆఖరిది’ అని రాసి ఆపుదాం.

మామ: ఇంగోటి. పెద్దయినాక ఎవరన్నా వచ్చి ‘నేను రాసింది తీసేయండి’ అంటే?

మేనకోడలు: కారణం అడక్కుండా తీసేస్తాం. నెట్ రాయి కాబట్టి, ఆ ఉలి రాసినోల్ల చేతుల్లోనే ఉంటాది. ఇరవై ఏండ్లప్పుడన్నా, నలభై ఏండ్లప్పుడన్నా.

మామ: అది ముందే రాసిపెట్టు. కాగితం మీద. నా షరతు ఒకటి. ప్రతి రచనా మొదట కాగితం మీద గోడకు అంటించాల. నెల రోజులు. ఊరు చదువుతాది, తప్పుంటే చెప్తాది. ఆ తర్వాతే నెట్.

మేనకోడలు: నెలా! ద్వారబంధం వ్యాసం నెల ఆగుతాది, నిజమే. కానీ వేముల పక్క నుంచి ఒక పిల్ల రాసిందుంది చూడు. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల ఊర్ల రైతులు బోరు నీళ్ళ గురించి ఫిర్యాదులు చేసింది పేపర్లలో వచ్చె గదా. ఈ పిల్ల వాళ్ళ ఊర్లో నీళ్ళ క్యాన్లకు నెలకు ఎంతవుతాదో ఇంటింటికి పోయి రాసుకొచ్చింది. అది నెల ఆగితే పాతబడ్తాది.

మామ: నీళ్ళు చెడింది గని వల్లనే అని రాసిందా?

మేనకోడలు: రాసింది.

మామ: ఆ వాక్యం ఎట్ల నిలుస్తాది? ఆ పిల్ల చూసింది క్యాన్లు, చూసింది డబ్బులు, చూసింది బోరు. కారణం చూసిందా? క్యాన్ల లెక్క ఉంచు, అది ఎవరూ కాదనలేరు. గని మాట రైతులు చెప్తాండారని రాయమను, ఆఫీసుకు పోయి వాళ్ళేమంటారో అడిగి అదీ పక్కన రాయమను.

మేనకోడలు: పద్నాలుగేండ్ల పిల్ల ఆఫీసుకు పోతే లోపలికి రానిస్తారా?

మామ: వాళ్ళ నాయన్ను తోడుకోని పోవల్ల. రానియ్యకపోతే, రానియ్యలేదని రాయమను. అదీ చూసిందే గదా.

మేనకోడలు: సరే. నెల మాత్రం కుదరదు. మూడు రోజులు.

మామ: మూడు రోజుల్లో ఊరు చదువుతాదా? శనివారం అంటిస్తే పనులకు పోయినోల్లు చూసేది ఆదివారమే. రెండు వారాలు.

మేనకోడలు: వ్యాసాలకు రెండు వారాలు. ఇట్లాంటి వార్తకు నాలుగు రోజులు.

మామ: ఆ పిల్ల ఆఫీసుకు పోయి రావల్లంటేనే నాలుగు రోజులు పడ్తాదమ్మీ. వారం.